పరుగు దెబ్బతినకుండా బట్టతల మందు మొదలుపెట్టడం ఎలా?

ప్రకాశం బ్యారేజీ మీద తెల్లవారుజామున పరుగెత్తేవారిలో ఏడాదికి ఒకరిద్దరైనా నన్ను ఆపి, జుట్టు రాలకుండా మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి ఆయాసం వస్తోందని చెబుతారు. అంతకుముందు నాడి ఎంత ఉండేదని అడిగితే మాత్రం ఒక్కరి దగ్గరా జవాబు ఉండదు.

ఒక నోటుపుస్తకం, సెకన్ల ముల్లున్న గడియారం, బరువు తూచే యంత్రం, చర్మవైద్యుడి చీటీ ఉంటే చాలు. చీటీ లేకుండా మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునేవారి కోసం ఇది రాయడం లేదు. రక్తపోటుకో గుండెకో మందులు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి, ఎందుకంటే జుట్టుకు మాత్రగానూ పూతగానూ ఇచ్చే మినాక్సిడిల్ మొదట అధిక రక్తపోటుకు మాత్రగా వచ్చిన మందే. దాని పూతమందు వాడకం సులువు: పరుగు, స్నానం ముగిశాక, ఆరిన మాడుకు 1 మిల్లీలీటరు రాసి, కనీసం 4 గంటలు తడపకుండా ఉంచాలి. పరుగుకు ముందు రాస్తే చెమటతో కంట్లోకి దిగుతుంది. కొబ్బరినూనె మీద రాస్తే మాడుకు సరిగా అందదు.

అందరూ తప్పేది మందుకు ముందున్న 14 రోజుల్లోనే. ఆ రోజుల్లో మంచం దిగకముందే మణికట్టు మీద రెండు వేళ్లుంచి నాడిని నిండు నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం నాకు సమ్మతం కాదు. వెంటనే బరువు, నిద్రపోయిన గంటలు రాయాలి. వారానికి రెండుసార్లు ఒకే దారిలో, ఒకే వేళకు పరుగెత్తి సమయం నమోదు చేయాలి. బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు కనుక, సీతానగరం వైపుకు రెండుసార్లు వెళ్లివస్తే దాదాపు 5 కిలోమీటర్లవుతుంది. చేతి గడియారం ఇవన్నీ చెబుతుందని కుర్రవాళ్లు వాదిస్తారు గానీ, ఒక్కో గడియారం విశ్రాంతి నాడిని ఒక్కో తీరున లెక్కగడుతుంది. పైగా వారు దానిని చూసేది భయం పుట్టాకే.

మినాక్సిడిల్‌ను, బట్టతలకు వాడే మరో మాత్ర ఫినాస్టరైడ్‌ను ఒకేసారి మొదలుపెట్టకూడదు. ఒక ఏడాది నేను ఫినాస్టరైడ్‌ను, మినాక్సిడిల్ మాత్రను కలిపి, అదీ రోహిణి కార్తెలో మొదలుపెట్టాను. నాడి పెరిగింది, కాళ్లు బరువెక్కాయి. అది ఏ మందు పనో, ఎండ పనో, చాలని నీళ్ల పనో ఈనాటికీ తేల్చలేను. వైద్యుడు రెండూ రాస్తే, ఎడం ఇచ్చి మొదలుపెట్టవచ్చునా అని అడగండి. ఎనిమిది వారాల ఎడం ఉండాలనీ, ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఏదీ మొదలుపెట్టకూడదనీ నా నియమం.

మందు మొదలయ్యాక నోటుపుస్తకంలోని కొత్త లెక్కలను పాతవాటితో పోల్చి చదవడం తెలియాలి. మినాక్సిడిల్ మాత్ర రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలుపుతుంది, గుండె వేగాన్ని పెంచగలదు. నాడి నిమిషానికి 20 పెరిగితే వైద్యుడికి చెప్పాలన్నది మాత్రల పత్రంలోని మాట. వరుసగా ఐదు రోజులు 10 పెరిగినా చెప్పాలన్నది నా మాట. వారంలో బరువు రెండు కిలోలు పెరిగినా, చీలమండలు వాచినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చెప్పాలి. ఛాతీనొప్పి గానీ స్పృహ తప్పినట్లు గానీ ఉంటే పరుగు ఆపి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫినాస్టరైడ్ సంగతి వేరు. వ్యాయామశాలల్లో చెప్పుకునేటట్లు ఇది టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను తగ్గించదు. ఆ హార్మోను, జుట్టు రాలడానికి కారణమయ్యే డీహెచ్‌టీగా మారడాన్ని అడ్డుకుంటుంది, టెస్టోస్టిరాన్ కొద్దిగా పెరుగుతుంది కూడా. కండబలం పోతుందన్న భయానికి ఆధారం లేదు. అయితే కొందరిలో కోరిక తగ్గుతుంది, మనసు కుంగుతుంది. మనసు కుంగినవాడి కాలు కదలదు కనుక పుస్తకంలో దానికీ ఒక గడి గీయాలి. పోటీల్లో దిగేవారు ప్రతి జనవరిలో క్రీడల్లో వాడకూడని మందుల నిషేధ జాబితా చూసుకోవాలి. స్టెరాయిడ్లను కప్పిపుచ్చుతుందన్న కారణంతో 2005 నుంచి 2008 వరకు ఫినాస్టరైడ్‌ను నిషేధించారు. అమెరికా స్కెలిటన్ (మంచుబాటపై బోర్లా పడుకుని జారే స్లెడ్ పోటీ) క్రీడాకారుడు జాక్ లండ్ దానివల్లే 2006 టురిన్ ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. 2009లో దానిని జాబితా నుంచి తీసేశారు.

ఫినాస్టరైడ్ వాడేవారు పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథికి సంబంధించిన రక్త) పరీక్షప్పుడు ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోతుంది. మినాక్సిడిల్ వల్ల మొదటి వారాల్లో జుట్టు ఇంకాస్త ఎక్కువ రాలడం మామూలే. దువ్వెనలో వెంట్రుకల లెక్క ఈ పుస్తకంలో రాయకండి.