బురద రూల్ చివరికి ఎలా కుదిరిందంటే

అమలాపురంలో మా మేడమీద గదిలో ఆదివారాలు 1965 సెప్టెంబరులో పంజాబ్‌లో భారత్, పాకిస్తాన్ ట్యాంకుల మధ్య జరిగిన అసల్ ఉత్తర్ పోరు ఆడుకుంటాం. 1:100 కొలత బొమ్మ ట్యాంకులు, థర్మోకోల్ నేల. కొబ్బరి ఈనెలు 3 సెంటీమీటర్లకి కత్తిరించి, పచ్చరంగు పూసి గుచ్చితే అచ్చం చెరకు తోటే.

చిక్కేంటంటే, ఎప్పుడూ పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులే గెలిచేవి. జరిగింది వేరు కదా! మనవాళ్లు కాలవలకి గండి కొట్టి పొలాలు ముంచారు. చెరకులో మన సెంచూరియన్ ట్యాంకులు గుర్రపు నాడా ఆకారంలో కాపు కాశాయి. ప్యాటన్లు బురదలో కూరుకుపోయాయి. మా రూల్ ప్రకారం మాత్రం తడిచేలో డైస్ మీద 1 పడితేనే దిగబడ్డట్టు. ఆరింట ఒకటి. ఎవడు భయపడతాడు?

2 పడినా దిగబడేలా మార్చా. ఈసారి ఎవరూ చేలోకే రాలేదు, ఆట చప్పబడింది.

మొన్న సార్వా దమ్ములో నేను ట్రాక్టరు తోలుతుంటే బాబాయి గట్టుమీంచి అరిచాడు: “తిన్నగా పోనీరా! అక్కడ తిప్పావంటే దిగిపోద్ది.”

రూల్ దొరికేసింది. తిన్నగా పోతే 1కే దిగబడుతుంది. మలుపు తిప్పితే 1 నుంచి 3 దాకా. చేలో ఆగి మళ్లీ కదిలితే ఇంకో అంకె కలపాలి. దిగబడ్డది 6 పడితేనే బయటికి, లేదా ఇంకో ట్యాంకు ఒక టర్ను ఆగి లాగాలి.

ఇప్పుడు ప్యాటన్ల వాడు ధైర్యంగానే దిగుతాడు. పక్కనుంచి దెబ్బ తగిలాక, మందం ఎక్కువున్న ముందు భాగం అటు తిప్పుదామా వద్దా అని డైస్ గుప్పిట్లో నలుపుతూ కూర్చుంటాడు. టీ చల్లారిపోతుంది.