మందు ప్రొటీన్‌లో ఎక్కడ ఇరుక్కుంటుందో మీరే చూడండి

దీనికి ల్యాబ్ అక్కర్లేదు, బ్రౌజర్ చాలు. ప్రొటీన్ల త్రీడీ ఆకారాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంక్ సైట్‌కి వెళ్లి 1IEP అని కొట్టండి. వచ్చేది ఏబీఎల్ కైనేజ్ అనే ఎంజైమ్ (కణాలకు పెరగమని సంకేతాలిచ్చే ప్రొటీన్), లోపల ఇమాటినిబ్ మందుతో సహా. ప్రొటీన్ ఎలుకదే, కానీ ఈ భాగం మనదానికి దాదాపు అచ్చు. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై, ఈ కైనేజ్ బీసీఆర్ అనే మరో ప్రొటీన్‌తో అతుక్కుని, ఆగకుండా పనిచేస్తూ పోతుంది. దాన్ని ఆపేదే ఇమాటినిబ్, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ముందు రిజల్యూషన్, అంటే ఆకారం ఎంత స్పష్టంగా తెలిసిందో, చూడండి: 2.1 ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లో వంతు). ఈ అంకె ఎంత తక్కువైతే అంత మేలు. 3 దాటిందంటే చిన్న చిన్న వివరాల మీద పందెం కాయకండి. ఒకే ప్రొటీన్ రెండుసార్లు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, ఆకారం కనుక్కోవడానికి వాడిన ప్రొటీన్ స్ఫటికంలో రెండు కాపీలున్నాయంతే.

ఇప్పుడు త్రీడీ బొమ్మలో మందు మీద క్లిక్ చేయండి. చుట్టూ ఉన్న అమినో ఆమ్లాలు (ప్రొటీన్‌ని కట్టే ముక్కలు), వాటికీ మందుకీ మధ్య బంధాల్ని చూపే చుక్కల గీతలు బయటపడతాయి. 315వ స్థానంలోని థ్రియోనిన్ అనే అమినో ఆమ్లాన్ని వెతికి పట్టుకోండి, అసలు కథ అక్కడే ఉంది. దాని ఆక్సిజన్ మందుతో హైడ్రోజన్ బంధం వేసుకుంటుంది. కొందరు రోగుల్లో దాని బదులు అక్కడికి ఐసోల్యూసిన్ అనే మరో అమినో ఆమ్లం వచ్చి చేరుతుంది, బంధం పోతుంది, పైగా లావుగా అడ్డొస్తుంది, దాంతో మందు పనిచేయదు. 2012లో వచ్చిన పొనాటినిబ్ అనే మందుని ఈ అడ్డంకిని తప్పించుకునేలా, అక్కడ సన్నటి ట్రిపుల్ బాండ్ పెట్టి తయారుచేశారు.

ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో కూడా ప్రొటీన్ల ఆకారాలు చూడొచ్చు గానీ, అవి ఏఐ ఊహించినవి, అందులో మందు ఉండదు.