రక్షిత కట్టడం పక్కన పాత ఇల్లు: మరమ్మతుకు అనుమతి ఎలా తెచ్చుకోవాలి?

గోల్కొండ కోట గోడల లోపల, ఖిలా వరంగల్‌లో, చార్మినార్ చుట్టూ ఉన్న గల్లీల్లో, లేపాక్షి గుడి వీధుల్లో తరతరాలుగా కాపురాలున్నాయి. వానకు కారే మిద్దెను బాగుచేయించుకోవాలన్నా అక్కడ మునిసిపాలిటీని అడిగితే సరిపోదు. పురాతన కట్టడాల రక్షణకు 1958లో వచ్చి, 2010లో సవరణ జరిగిన కేంద్ర చట్టం ఆ ఇళ్లకూ వర్తిస్తుంది. ఆ భయంతో ఇంటిని ముట్టుకోకుండా కూలేదాకా వదిలేసేవాళ్లు కొందరైతే, ప్లాన్ పాసైంది కదా అని రాత్రికి రాత్రి పడగొట్టి నోటీసు చేతిలో పెట్టుకుని తిరిగేవాళ్లు మరికొందరు.

ఒక్క సంగతి అన్నిటికంటే ముందు చెప్పాలి. రక్షిత హద్దు, అంటే ప్రభుత్వం రక్షితమని ప్రకటించిన స్థలం అంచు నుంచి 100 మీటర్ల లోపు మీ ఇల్లు ఉంటే, దాన్ని మరమ్మతు చేసుకోవడానికి చట్టం దారి ఇచ్చింది, కూల్చి మళ్లీ కట్టుకోవడానికి ఇవ్వలేదు. గోడలు నిలబడి ఉన్నంతవరకే ఆ దారి తెరిచి ఉంటుంది. కింద చెప్పే పనులన్నీ దాన్ని కాపాడుకోవడానికే.

1. మీ ఇల్లు ఏ గీత లోపల ఉందో తేల్చుకోండి

రక్షిత హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే మొత్తం 300 మీటర్లు.

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి గోపురం నుంచో, మినారు నుంచో కొలిచి ‘మాది 120 మీటర్లు, బయటే ఉన్నాం’ అనుకుంటారు. చట్టం కొలిచేది కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. గుడి చిన్నదైనా, గెజెట్‌లో చుట్టూ ఉన్న సర్వే నంబర్లు కూడా చేరి ఉంటే లెక్క ఆ నంబర్ల చివరి నుంచి మొదలవుతుంది. కోటలకైతే తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే ప్రాకారం, కందకం కూడా రక్షిత భాగంలో ఉండొచ్చు. అందుకని మీ స్థలం సర్వే నంబరు, పటం పట్టుకుని దగ్గర్లోని భారత పురావస్తు సర్వే శాఖ, అంటే ఏఎస్ఐ కార్యాలయానికి వెళ్లి హద్దు ఎక్కడుందో చూపించమనండి. ఇస్రోకు చెందిన హైదరాబాద్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ తయారుచేసిన భువన్ పటాలను అనుమతుల ఆన్‌లైన్ విధానానికి జతచేశారు, ముందుగా అందులో చూసుకున్నా ఒక అంచనా వస్తుంది.

మీ స్థలం మధ్య నుంచే 100 మీటర్ల గీత పోతుంటే దాన్ని ప్లాన్ మీద గీయించండి. గీతకు లోపలున్న ముక్కలో కొత్త కట్టడం ఏదీ చూపించకండి. ఇల్లు ఏకంగా రక్షిత స్థలంలోనే ఉంటే నిబంధనలు ఇంకా కఠినం. అక్కడ సొంతదారైనా కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఏమీ కట్టకూడదు.

2. మీ పనికి చట్టంలో పేరేమిటో తెలుసుకోండి

మేస్త్రీ ‘రిపేరు’ అనేదాన్ని చట్టం అలా అనుకోకపోవచ్చు. ఉన్న కట్టడంలో చేసే మార్పులు మరమ్మతు, నవీకరణ కిందకు వస్తాయి. పాతదాన్ని తీసేసి అదే పొడవు, అదే వెడల్పు, అదే ఎత్తులో మళ్లీ లేపితే అది పునర్నిర్మాణం. కొత్త గది గానీ అంతస్తు గానీ వేస్తే నిర్మాణం.

నిషిద్ధ ప్రాంతంలో మొదటిదానికి మాత్రమే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఇల్లు 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉండాలి, లేదా ఆ తర్వాత ఏఎస్ఐ డైరెక్టర్ జనరల్ ఆమోదంతో కట్టినదై ఉండాలి. నియంత్రిత ప్రాంతంలో మూడింటికీ దరఖాస్తు పెట్టవచ్చు.

‘మరుగుదొడ్డికి, మురికి కాల్వకు మినహాయింపు ఉంది’ అని చాలామంది చెబుతుంటారు. నిర్మాణం అనే మాటకు చట్టం ఇచ్చిన అర్థంలో అలాంటి మినహాయింపులు నిజంగానే ఉన్నాయి. అయితే అందులో ఉన్నది ప్రజల కోసం కట్టే మరుగుదొడ్లు, మురుగుకాల్వలు, మంచినీటి పనులు, కరెంటు లైన్లు. మీ పెరట్లో కొత్తగా వేసే స్నానాలగది ఆ లెక్కలోకి రాదు.

3. 1992కు ముందు ఇల్లు ఉందని రుజువు కూడగట్టండి

నిషిద్ధ ప్రాంతంలో దరఖాస్తు నిలిచేదీ పడేదీ దీని మీదే. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు కనెక్షన్ కాగితాలు, రిజిస్టర్ అయిన దస్తావేజు, అప్పటి మంజూరు ప్లాన్ వెతకండి. దస్తావేజులో ‘ఖాళీ స్థలం’ అని రాసి ఉంటే అది మీకు వ్యతిరేకంగా పనిచేస్తుంది, పన్ను రసీదు తప్పక జతచేయాలి. కాగితాలు తాతగారి పేరిట ఉంటే వారసత్వ పత్రం కూడా పెట్టండి. దరఖాస్తుదారు పేరు ఒకటి, రసీదులో పేరు ఇంకొకటి ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది.

పనికి ముందు ఫొటోలు కూడా అంతే ముఖ్యం. ప్రతి గోడ, పైకప్పు, గుమ్మాలు, వీధి నుంచి కనిపించే ముఖం, పక్క ఇళ్లతో కలిపి తీసినవి ఉండాలి. రేపు ఎవరైనా ‘కొత్త గది వేశారు’ అంటే జవాబు చెప్పేవి ఇవే.

4. ఎత్తు మొత్తం కలిపి రాయించండి

నియంత్రిత ప్రాంతంలో కట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఎత్తు దగ్గరే. అనుమతిలో ఇచ్చే ఎత్తులో పిట్టగోడ, మెట్లగది, నీళ్ల ట్యాంకు కూడా కలిసే ఉంటాయి. ఇంజినీర్లు అలవాటు కొద్దీ స్లాబ్ వరకే కొలుస్తారు.

లెక్క వేసి చూడండి. అరుగు మట్టం 0.45 మీటర్లు, ఒక్కోటి 3 మీటర్ల చొప్పున రెండు అంతస్తులకు 6 మీటర్లు, మొత్తం 6.45. దానిపైన మెట్లగది 2.4, ఆ గది మీద ట్యాంకు 1.5 కలిపితే 10.35 మీటర్లు. 8 మీటర్లకు అనుమతి వచ్చిందనుకోండి, స్లాబ్ వరకు సరిపోయిన ఇల్లు మెట్లగది వేయగానే ఉల్లంఘన అవుతుంది. ట్యాంకును మెట్లగది మీద కాకుండా స్లాబ్ మీదే ఓ మూల పెట్టి, మెట్లగదికి బదులు ఇనుప మూత తలుపు వేయిస్తే ఎత్తు బాగా తగ్గుతుంది. ప్లాన్ గీసేటప్పుడే ఇది అనుకోవాలి.

5. దరఖాస్తు పెట్టి, గడువులు గుర్తుంచుకోండి

దరఖాస్తు వెళ్లేది సమర్థ అధికారికి. పురావస్తు డైరెక్టర్ లేదా కమిషనర్ స్థాయికి తగ్గని అధికారిని ఇందుకు నియమిస్తారు. ఆయన దాన్ని 15 రోజుల్లో ఢిల్లీలోని నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి. అథారిటీ 2 నెలల్లో సిఫార్సు చెప్పాలి. అది అందాక నెలలోపు సమర్థ అధికారి అనుమతి ఇవ్వడమో, నిరాకరించడమో చేయాలి. అన్నీ గడువులోపే జరిగినా మూడున్నర నెలలు పడుతుంది. మృగశిర కార్తెలోపు మిద్దె పని అయిపోవాలంటే దరఖాస్తు సంక్రాంతికే పడాలి. ఏప్రిల్‌లో మొదలుపెట్టి ‘వానలొస్తున్నాయి’ అని తొందరపడి అనుమతి రాకుండానే పైకప్పు విప్పడం అన్నిటికంటే ప్రమాదకరం.

దరఖాస్తులో పనిని విడమరిచి రాయండి. ‘ఇంటి నవీకరణ’ అని రాస్తే ఎవరూ తేల్చలేరు. ‘తూర్పు గదిలో చెదలు పట్టిన 9 దూలాలు తీసి అదే కొలత టేకు దూలాలు, పడమటి గోడకు లోపలివైపు 20 చదరపు మీటర్ల పూత, ఎత్తులో మార్పు లేదు’ అన్నట్టు ఉండాలి. పెంకులో రేకులో తీసి సిమెంటు స్లాబ్ వేయాలనుకుంటే అదీ స్పష్టంగా అడగండి. అడగకుండా వేస్తే మరమ్మతు అని వాదించడం కష్టం.

మునిసిపల్ అనుమతి వేరు, ఇది వేరు. తెలంగాణలో 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్లలోపు ఎత్తు ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అలా వచ్చిన కాగితం ఏఎస్ఐ నోటీసు ముందు పనికిరాదు. అనుమతి లేకుండా కట్టినవారికి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

6. పని ఇంటిని నిలబెట్టి చేయించండి

మేస్త్రీకి అనుమతి నకలు ఇచ్చి, ఏ గోడ ముట్టుకోవాలో, ఏది ముట్టకూడదో సుద్దతో గుర్తు పెట్టండి. ‘ఈ గోడ పాడైపోయింది, పడేసి కడితే గట్టిగా ఉంటుంది’ అని మధ్యలో అనడం మామూలే. ఆ మాటకు ఒప్పుకుంటే మీ పని మరమ్మతు నుంచి పునర్నిర్మాణంలోకి జారిపోతుంది.

చెడిన గోడను మూడు నాలుగు అడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి మార్చాలి. ముందు పైకప్పుకు సరుగుడు బాదులు, జాకీలు బిగించాలి. ఒక ముక్క గట్టిపడ్డాకే పక్కది విప్పాలి. కూలి ఖర్చు పెరుగుతుంది, నిజమే. గోడ మాత్రం ఏ రోజూ పూర్తిగా మాయమవదు.

సున్నంతో కట్టిన గోడకు సిమెంటు పూత వద్దు. పాత గోడ నేల నుంచి తేమ పీల్చి గాలికి వదులుతుంది. సిమెంటు పొర ఆ దారి మూసేస్తే తేమ లోపలే ఉండి ఉప్పు పేరుకుంటుంది, కొన్నేళ్లలో పూత పెళ్లలుగా ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా లాక్కొస్తుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలపండి. సున్నాన్ని నీళ్లలో కనీసం వారం రోజులు నానబెట్టాలి, నానని గింజలు పూతలో ఉబ్బి పొక్కులు వేస్తాయి. గోడ సందుల్లో వదులైన మట్టిని 20 మిల్లీమీటర్ల లోతు గీకి, తడిపి, ఆ తర్వాతే పూయాలి. ఎండ నేరుగా పడకుండా తడి గోనెలు కట్టి కనీసం పది రోజులు చెమ్మ ఆరనివ్వకండి. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, మేస్త్రీ తొందరపెడితే ఆగమనండి.

పునాదులు తవ్వేటప్పుడు శిల్పమో, శాసనమో, పాత నాణేలో బయటపడితే పని అక్కడే ఆపి ఏఎస్ఐకి చెప్పండి. పని మధ్యలో కట్టడానికి హాని కలుగుతుందని తేలితే ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే అధికారం సమర్థ అధికారికి ఉంది. అందుకే మట్టి లోడు, ఇసుక కుప్ప కోటగోడకు ఆనించి పోయించకండి.

పని అయ్యాక, మొదట తీసిన చోట్లనుంచే మళ్లీ ఫొటోలు తీయండి. అనుమతి పత్రం, ప్లాన్, రెండు విడతల ఫొటోలు ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టండి. ఇల్లు అమ్మితే కొన్నవారికి అవి కూడా ఇవ్వండి, ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లు మరమ్మతుకు దరఖాస్తు పెట్టినప్పుడు ఇంటి పాత కొలతలకు రుజువు అవే.