ఎముకల గుల్లబారుడుకి రక్తపరీక్ష: ఇచ్చే ముందు, చదివే ముందు జాగ్రత్తలు

☐ జుట్టు, గోళ్ల కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. చాలా ల్యాబుల్లో విటమిన్ డి, పీటీహెచ్ (రక్తంలో కాల్షియాన్ని అదుపుచేసే హార్మోన్) అంకెల్ని అది తప్పుదారి పట్టిస్తుంది.

☐ సీటీఎక్స్ (ఎముక ఎంత వేగంగా అరుగుతోందో చెప్పే పరీక్ష) రాశారా? రాత్రంతా పరగడుపున ఉండి, ఉదయం పదిలోపే రక్తం ఇవ్వండి. టిఫిన్ తింటే అంకె పడిపోతుంది. మందు బాగా పనిచేస్తోందని భ్రమపడతాం. తర్వాతి సారీ అదే ల్యాబు, అదే వేళ. ఈమధ్య ఎముక విరిగి ఉంటే చెప్పండి, కొన్ని నెలలు ఇది ఎక్కువగానే కనిపిస్తుంది.

☐ ఆ ఉదయం కాల్షియం మాత్ర రక్తం ఇచ్చాకే.

☐ విటమిన్ డికి 25-హైడ్రాక్సీ పరీక్షే కావాలి. యూనిట్ చూడండి: 20 ఎన్‌జీ/ఎంఎల్ అంటే 50 ఎన్‌మోల్/లీటర్. ఎన్‌మోల్‌లో వచ్చిన 50ని ఎన్‌జీ అనుకుని మురిసిపోయేవాళ్లు ఎందరో!

☐ కాల్షియం పక్కనే ఆల్బుమిన్ (రక్తంలో కాల్షియాన్ని మోసే ప్రొటీన్) చూడండి. అది 4 గ్రా/డీఎల్ కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 ఎంజీ కలిపి లెక్కేస్తారు. కాల్షియం మామూలుగా ఉంటే ఎముక గట్టిదని కాదు. తగ్గితే శరీరం ఎముకలోంచే లాగి రక్తంలో నింపుతుంది. ఎముక సాంద్రత తేల్చేది డెక్సా స్కానే.

☐ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకలో తయారయ్యే ఎంజైము) పెరిగితే కంగారొద్దు, కాలేయం నుంచీ రావచ్చు.

☐ జోలెండ్రోనిక్ ఆమ్లం (ఎముక అరుగుదల తగ్గించే మందు) ఎక్కించేముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) తప్పనిసరి. దాన్నిబట్టి లెక్కేసే క్లియరెన్స్ (మూత్రపిండాల వడపోత వేగం) నిమిషానికి 35 ఎంఎల్ కంటే తక్కువైతే ఇవ్వరు. దానికైనా, ఇదే జబ్బుకిచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌కైనా తగ్గిన కాల్షియాన్ని ముందు సరిచేయాలి.