ప్యాటియోలో టీవీ: ముందు ఎండ చూడండి, తర్వాతే టీవీ

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వైపు కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "వెనక ప్యాటియోలో, అంటే ఇంటి వెనక కూర్చునే వసారాలో, ఏ టీవీ పెట్టమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "మీ ప్యాటియో ఏ దిక్కుకు ఉంది?"

మనం తూర్పు వాకిలి ఇల్లు కోసం ఏరికోరి వెతుకుతాం. ముందు తూర్పైతే వెనక పడమర. అంటే ఆఫీసు పని ముగించుకుని టీ కప్పుతో బయటికొచ్చే వేళకు టెక్సస్ ఎండ సూటిగా ఇంటి వెనక గోడ మీదే పడుతుంది. చాలామంది టీవీ బిగించాలనుకునేదీ ఆ గోడకే. మామూలు టీవీ అక్కడ పెడితే తెర మీద కనిపించేది మీ ముఖమే.

పడమటి ప్యాటియోకు పక్క గోడ ఉంటే దాన్ని వాడుకోండి. నా మొదటి ఎంపిక ఉత్తరపు చివర ఉన్న గోడ, టీవీ దక్షిణానికి చూసేలా. ఎందుకంటే జూన్‌లో ఇక్కడ సూర్యుడు నేరుగా పడమర కాకుండా వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు. దక్షిణానికి తిరిగిన తెరకు ఆ సాయంత్రపు ఎండ తగలదు. ఉత్తరానికి తిరిగిన తెరకు మాత్రం పక్క నుంచి తగులుతుంది. ఉత్తరం వైపు ప్యాటియోలో ఎండే రాదనుకునేవాళ్లకు వేసవి సాయంత్రాలు చికాకు పెట్టేది ఇందుకే.

ఉత్తర వాకిలి ఇల్లయితే వెనక దక్షిణం. జూన్ మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 80 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి కప్పే ఎండను ఆపేస్తుంది. డిసెంబరులో ఆ ఎత్తు సుమారు 33 డిగ్రీలకు పడిపోతుంది, ఎండ కప్పు కింద నుంచి గోడదాకా వస్తుంది. తూర్పు ప్యాటియోకు ఐపీఎల్ ఒక పరీక్ష. ఇండియాలో రాత్రి ఏడున్నర మ్యాచ్ మనకు ఉదయం తొమ్మిదింటికి. ఏప్రిల్‌లో ఆ వేళకు పొద్దు ఇంకా కిందనే ఉంటుంది. మా మామయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు కాఫీ పట్టుకుని బయట కూర్చుని చూసేది ఆ మ్యాచ్‌లే. మా ఇంట్లో గోడ ఎంచుకుంది ఆయన వాలుకుర్చీ ఎక్కడ పడుతుందో చూసుకునే.

అందుకే, మీరు టీవీ ఎక్కువగా చూసే వేళల్లో ఆ గోడను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఎండ నేరుగా పడుతోందా, పక్క నుంచి వస్తోందా, అసలు రావడం లేదా అన్నది తేలాకే కొట్టుకు వెళ్లండి.

తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. హాల్లో పెట్టుకునే మామూలు టీవీలు సాధారణంగా 250 నుంచి 400 దాకా ఇస్తాయి. పూర్తి నీడైతే 500 నుంచి 700, కాస్త ఎండ వచ్చే చోటైతే 1000, నేరుగా ఎండ పడితే 1500 నుంచి 2000 నిట్స్ ఉండాలి. బయట పెట్టడానికే చేసిన టీవీల్లో సన్‌బ్రైట్ వెరాండా పూర్తి నీడకు చేసింది. శామ్‌సంగ్ ది టెరేస్‌లో కొంచెం ఎండకు ఒకటి, పూర్తి ఎండకు ఒకటి ఉన్నాయి. ఫ్యూరియన్ అరోరా మూడు రకాల్లోనూ దొరుకుతుంది. నీడ టీవీని ఎండలో పెడితే బొమ్మ వెలవెలబోవడంతో ఆగదు. ప్యానెల్ లోపలి లిక్విడ్ క్రిస్టల్ మరీ వేడెక్కితే తెర మీద నల్లటి మచ్చలు వస్తాయి. ఓఎల్‌ఈడీ రకం టీవీ జోలికి మాత్రం పోవద్దు, దానికి ఎండా వేడీ రెండూ పడవు.

వాన సంగతికి ఐపీ నంబరు చూడండి, దుమ్మునూ నీటినీ టీవీ ఎంతవరకు ఆపుతుందో అది చెబుతుంది. ఐపీ55 అంటే మొదటి 5 దుమ్ముకు, రెండో 5 నీటి ధారకు. కప్పు ఉన్న ప్యాటియోకు అది చాలు. ప్రెషర్ వాషర్ మాత్రం దాని వైపు తిప్పవద్దు. స్పెక్స్‌లో పనిచేసే ఉష్ణోగ్రత, నిల్వ ఉంచే ఉష్ణోగ్రత వేరువేరుగా రాస్తారు, రెండూ చదవండి. 2021 ఫిబ్రవరి మంచును చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ధర హాలు టీవీకి రెండు మూడు రెట్లు ఉంటుంది, పూర్తి ఎండ రకమైతే ఇంకా పైనే. అలాగని హాలు టీవీని బయట పెట్టేయకండి. తేమకు అది పాడైతే వారంటీ మీద ఆశ పెట్టుకోలేం.

డబ్బు దగ్గర వెనకాడకూడని చోటు కరెంటు. బయటి పాయింటుకు జీఎఫ్‌సీఐ రక్షణ (షాక్ కొట్టే ప్రమాదం ఉంటే కరెంటును వెంటనే ఆపేసేది) ఉండాలి, సాకెట్ బయటి వాతావరణానికి తగ్గ డబ్ల్యూఆర్ రకం అయ్యుండాలి. వాన పడే చోటైతే ప్లగ్ పెట్టి ఉన్నా మూసుకునే డబ్బా మూత కావాలి. ఎక్స్‌టెన్షన్ కార్డుతో శాశ్వతంగా నడపవద్దు, టీవీ కరెంటు వైరును గోడ లోపలి నుంచి తీయవద్దు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, సిటీ పర్మిట్ సంగతి, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నియమాలు ముందే కనుక్కోండి. పెరట్లో తవ్వాల్సి వస్తే, భూమిలోని వైర్లూ పైపులూ ఎక్కడున్నాయో గుర్తు పెట్టించుకోవడానికి ముందు 811కి ఫోన్ చేయాలి. పిడుగులు ఎక్కువ కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్ తప్పనిసరి. ఇల్లు ఇంకా కడుతుంటే బిల్డర్‌తో ఇప్పుడే అక్కడ ఒక పాయింటు, ఒక ఖాళీ పైపు వేయించుకోండి. ఇటుక కట్టాక ఆ పనే నాలుగింతలు కష్టం.

ఇక్కడి ఇటుక గోడ మన ఊరి గోడలా నిండు గోడ కాదు. పైన ఒక వరస ఇటుక, వెనక కాస్త ఖాళీ, ఆ వెనక స్టడ్‌లు, అంటే నిలువు చెక్క దిమ్మెలు. బయటి టీవీ అదే సైజు హాలు టీవీ కంటే బాగా బరువు కాబట్టి గోడకు బిగించే స్టాండు మోయగల బరువు చూసుకోండి. ఆ స్టాండు బయటి వాడకానికి చేసినదే కొనండి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వాడండి. రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, సున్నపు అతుకులోనో ఇటుక అంచులోనో కాదు. ముందుకు లాగే పొడవాటి చేయి ఉన్న స్టాండు గోడను బాగా గుంజుతుంది. అది కావాలంటే అనుభవం ఉన్నవాళ్లతోనే బిగించండి.

గోడలోంచి వచ్చే ఇతర వైర్ల రంధ్రాన్ని బయటి వైపు కిందికి వాలేలా తొలిస్తే వాన నీరు లోపలికి పారదు. వైరును టీవీకి తగిలించే ముందు కిందికి ఒక వంపు వదలండి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. సాకెట్ డబ్బా చుట్టూ సిలికాన్ పైనా పక్కలా పూసి కింద వదిలేయండి, లోపల చేరిన తేమకు దారి కావాలి. ఇటుక వరస అడుగున ఉండే చిన్న సందులను మాత్రం పూడ్చవద్దు, గోడ ఆరేది వాటి వల్లే.

గ్రిల్‌కు దూరంగా పెట్టండి, నూనె పొగ తెర మీద పొరలా పడుతుంది. ఇటుక దాటాక వైఫై నీరసపడుతుంది, అందుకే కరెంటుతో పాటే బయట వాడే రకం ఈథర్‌నెట్ వైరు కూడా లాగించండి. బయట టీవీ స్పీకర్ల శబ్దం గాలిలో కలిసిపోతుంది. వాల్యూమ్ పెంచితే పక్కింటివాళ్లకు ఇబ్బంది, చిన్న స్పీకర్ ఒకటి కుర్చీల దగ్గరే పెడితే సరిపోతుంది. వసంతంలో పసుపు పుప్పొడి పేరుకుంటే టీవీ ఆపి, చల్లారాక తడి మైక్రోఫైబర్ బట్టతో తుడవండి. ఆన్‌లో ఉండగా కవరు కప్పవద్దు.

అంతా బిగించాక జీఎఫ్‌సీఐ మీద టెస్ట్ బటన్ నొక్కి చూడండి. కరెంటు ఆగాలి, రీసెట్ నొక్కితే రావాలి. నెలకోసారి ఇలా చూస్తుండండి. ఎప్పుడైనా నొక్కినా ఆగకపోతే, అది మార్పించేదాకా టీవీ ప్లగ్ తీసేసి ఉంచండి.