ప్రోగ్రామ్ ఇన్‌పుట్ తీసుకోవట్లేదా? వీఎస్ కోడ్‌లో సరిచేసే పద్ధతి

ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, అంకె కొడితే మాత్రం పడదు. రీడ్-ఓన్లీ ఎడిటర్‌లో మార్పులు కుదరవని చిన్న హెచ్చరిక వస్తుంది. వెంటనే కంపైలర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. తప్పు దానిది కాదు. కోడ్ రన్నర్ ఎక్స్‌టెన్షన్ మామూలుగా ప్రోగ్రామ్‌ను ఔట్‌పుట్ ప్యానెల్‌లో నడుపుతుంది. ఆ ప్యానెల్ చూడ్డానికే, టైప్ చేయడానికి కాదు.

1. కంట్రోల్, ఆల్ట్, ఎం నొక్కి నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపండి. కంట్రోల్, కామా నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. అక్కడ కోడ్ రన్నర్ కింద 'రన్ ఇన్ టెర్మినల్' వెతికి టిక్ పెట్టండి. 'సేవ్ ఫైల్ బిఫోర్ రన్'కి కూడా పెట్టండి. లేకపోతే మీరు దిద్దిన కోడ్ కాకుండా, చివరిసారి సేవ్ చేసిందే నడుస్తుంది.

2. ఎఫ్5తో డీబగ్ చేసేవాళ్లు లాంచ్ డాట్ జేసన్ (డీబగ్ సెట్టింగ్స్ ఉండే ఫైల్) చూడండి. పైథాన్, నోడ్ (జావాస్క్రిప్ట్) ప్రోగ్రాములకు 'కన్సోల్' విలువ 'ఇంటిగ్రేటెడ్ టెర్మినల్' అని ఉండాలి. నోడ్‌కు ఏమీ రాయకపోతే ఇంటర్నల్ కన్సోల్ వస్తుంది, అందులో ఇన్‌పుట్ ఇవ్వలేరు.

3. మళ్లీ రన్ నొక్కే ముందు టెర్మినల్ వైపు ఒకసారి చూడండి. పాత ప్రోగ్రామ్ ఇంకా ఇన్‌పుట్ కోసం కాచుకుని ఉంటే, కోడ్ రన్నర్ పంపే కంపైల్ కమాండ్ మొత్తాన్ని అది మీరిచ్చిన జవాబనుకుని మింగేస్తుంది. పైథాన్‌లో అయితే ఏ తప్పూ లేని లైన్ దగ్గర వాల్యూ ఎర్రర్ వస్తుంది. ముందు టెర్మినల్‌లో క్లిక్ చేసి కంట్రోల్, సి కొట్టండి, ఆ తర్వాతే రన్.

4. అసలు చిక్కు ఇక్కడుంది, ఎడిటర్‌ను తిట్టుకునేదీ ఎక్కువగా దీనికే. వయసు అడిగాక పేరు అడగాలి, కానీ పేరు దగ్గర ఆగకుండా ప్రోగ్రామ్ ముందుకెళ్లిపోతుంది. మీరు 25 కొట్టి ఎంటర్ నొక్కినప్పుడు ప్రోగ్రామ్‌కు అందేవి మూడు అక్షరాలు: 2, 5, ఎంటర్. సీలో అంకె చదివే స్కాన్ఎఫ్ మొదటి రెండూ తీసుకుని ఎంటర్‌ను అక్కడే వదిలేస్తుంది. తర్వాత వచ్చిన, లైన్ మొత్తం చదివే ఎఫ్‌గెట్స్‌కు ఎదురయ్యేది ఆ ఎంటరే. ఖాళీ లైన్ వచ్చిందనుకుని దాని పని ముగించుకుంటుంది. సీ ప్లస్ ప్లస్‌లో సిన్ తర్వాత గెట్‌లైన్, జావాలో నెక్స్ట్ఇంట్ తర్వాత నెక్స్ట్‌లైన్ రాసినా ఇదే జరుగుతుంది.

మిగిలిన ఆ ఎంటర్‌ను తుడిచేయడానికి ఎఫ్‌ఫ్లష్‌లో ఎస్‌టీడీఇన్ (కీబోర్డ్ ఇన్‌పుట్) రాయమని చెబుతుంటారు. రాయకండి. ఇన్‌పుట్ స్ట్రీమ్ మీద ఎఫ్‌ఫ్లష్ వాడితే ఏం జరగాలో సీ ప్రమాణంలో నిర్వచించలేదు, ఒక కంపైలర్‌లో పనిచేసింది ఇంకోదాంట్లో చేయదు. మధ్యలో, ఒక్క అక్షరం చదివే గెట్‌చార్ పెట్టడమూ అతుకుల పనే. 25 తర్వాత పొరపాటున స్పేస్ కొడితే మిగిలేవి రెండు అక్షరాలు, గెట్‌చార్ తీసేది ఒకటి. స్కాన్ఎఫ్‌లో పర్సెంట్ డి తర్వాత బ్యాక్‌స్లాష్ ఎన్ చేర్చడం ఇంకా ఘోరం. ఖాళీ కాని అక్షరం వచ్చేదాకా అది కదలదు, ఒక అంకెకు రెండుసార్లు టైప్ చేయాల్సి వస్తుంది.

లైన్ మొత్తం చదవండి, తర్వాత అందులోంచి అంకె తీయండి. కీబోర్డ్ నుంచి అంకె చదివే ప్రతిచోటా ఇదే పద్ధతి. సీలో 100 అక్షరాల అరేలోకి ఎఫ్‌గెట్స్‌తో లైన్ తీసుకుని, ఎస్‌స్కాన్ఎఫ్‌తో విడదీయండి. అది 1 తిరిగిస్తేనే అంకె దొరికినట్టు, లేకపోతే మళ్లీ అడగండి. ఇందులో ఇంకో మేలుంది. అంకె అడిగినచోట ఎవరైనా అక్షరాలు కొడితే, లూప్‌లో ఉన్న స్కాన్ఎఫ్ వాటిని దాటలేక అక్కడే తిరుగుతూ ఉండిపోతుంది. ఎఫ్‌గెట్స్ అయితే ఆ లైన్‌ను అప్పటికే తీసేసి ఉంటుంది, పాత చెత్త మిగలదు. పేరును ఎఫ్‌గెట్స్‌తో చదివితే చివర ఎంటర్ అంటుకునే వస్తుంది, ఎస్‌టీఆర్‌సీస్పాన్‌తో అది ఎక్కడుందో చూసి ఆ చోట బ్యాక్‌స్లాష్ సున్నా (స్ట్రింగ్ ముగింపు గుర్తు) పెట్టండి.

జావాలో నెక్స్ట్‌లైన్, దాని మీద పార్స్ఇంట్. సీ ప్లస్ ప్లస్‌లో గెట్‌లైన్, దాని మీద ఎస్‌టీఓఐ. అంకె కానిది వస్తే ఈ రెండూ ఎక్సెప్షన్ ఇస్తాయి, పట్టుకోండి. పైథాన్‌లో ఇన్‌పుట్ ఎలాగూ లైన్ మొత్తం చదువుతుంది. కానీ ఇచ్చేది స్ట్రింగ్, ఇంట్‌తో మార్చకుండా కూడితే 2, 3 కలిసి 23 అవుతుంది.

5. ప్రతిసారీ అవే అంకెలు టైప్ చేయకుండా వాటిని ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుని ప్రోగ్రామ్‌కు అందించండి. టెర్మినల్‌లో పవర్‌షెల్ ఉంటే 'లెస్ దేన్' (<) గుర్తు ఇందుకు పనిచేయదు, గెట్-కంటెంట్‌తో ఫైల్ చదివి పైప్ చేయాలి. బాష్‌లోనూ సీఎండీలోనూ ఆ గుర్తు చక్కగా పనిచేస్తుంది.