ఐటీ టీమ్ సొంతంగా ఏమీ చేయట్లేదా? లోపం ఎక్కడుందో పట్టే పద్ధతి

మిర్యాలగూడలో రైస్ మిల్లు కావచ్చు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ కావచ్చు, నల్లగొండ ఐటీ టవర్‌లో చిన్న ఆఫీసు కావచ్చు. ఐదారుగురున్న ఐటీ టీమ్ గురించి యజమానుల ఫిర్యాదు ఒకటే: "చెప్పింది చేస్తరు సార్, సొంతంగ ఒక్కటి ఆలోచించరు." మనుషుల్ని మార్చే ముందు ఒక గంట ఖర్చుపెట్టి ఈ పరీక్ష చేయండి.

ఒక్కొక్కరికీ విడిగా తెల్ల కాగితం ఇచ్చి, ఈ ఏడాదిలో తాము చెప్పిన మూడు సూచనలు రాయమనండి. ఎవరికి చెప్పారు, ఏ నెలలో, ఏం జవాబు వచ్చింది అన్నవి పక్కనే రాయాలి. "జవాబు రాలేదు" అని ఉంటే మొదటి లక్షణం చూడండి. "సరే అన్నారు, టైం దొరకలేదు" అంటే రెండోది. "చేసిపెట్టాం, ఎవరూ వాడట్లేదు" అంటే మూడోది. కాగితాలన్నీ ఖాళీగా వస్తే నేరుగా నాలుగోదానికి వెళ్లండి.

1. లక్షణం: మీటింగ్‌లో అందరూ తల ఊపుతారు, ఎవరూ నోరు తెరవరు

కారణం: టీమ్‌లోని కుర్రాళ్లకు సిగ్గు అనుకుంటాం, చాలాచోట్ల అది కాదు. "వద్దు" అన్న జవాబును ఎవరైనా తట్టుకుంటారు. "చూద్దాం" అన్న మాట రెండుసార్లు విన్నాక మూడోసారి చెప్పడం మానేస్తారు. రెండో కారణం, యజమాని ముందే తన మాట చెప్పేయడం. సార్ ఏమనుకుంటున్నారో తెలిశాక ఎదురు చెప్పేదెవరు?

పరిష్కారం: ఒక షీట్, ఐదు గడులు చాలు. తేదీ, ఇబ్బంది ఏమిటి, ఎవరికి, రోజుకు ఎంత టైం పోతోంది, జవాబు. ఏడు రోజుల్లో చివరి గడి నిండాలి. "చేద్దాం", "వద్దు", "ఫలానా నెలలో చూద్దాం", ఈ మూడింట్లో ఏదో ఒకటి. వద్దంటే ఎందుకో ఒక వాక్యం రాయాలి. మీటింగ్‌లో కొత్తగా చేరినవాళ్లతో మొదలుపెట్టి, యజమాని చివర్లో మాట్లాడాలి. సూచనలు మాత్రం వాట్సాప్ గ్రూపులో తీసుకోవద్దు, గుడ్‌మార్నింగ్ ఫొటోల కింద పడి కనబడకుండా పోతాయి.

2. లక్షణం: ఆలోచనలకు కొదవలేదు, ఏదీ పూర్తికాదు

కారణం: చేతిలో పనులు ఎక్కువ. లెక్క సులువు: చేతిలో 12 పనులుండి వారానికి 3 పూర్తవుతుంటే, ఒక్కో పనికి సగటున 4 వారాలు పడుతుంది. మనుషుల్ని పెంచకుండానే చేతిలోని పనుల్ని 6కు తగ్గించి, అదే జోరుతో చేస్తే రెండు వారాలే.

పరిష్కారం: కొత్త పని ఇచ్చేటప్పుడు ఏ పాతది పక్కన పెట్టాలో మీరే చెప్పండి. ఆ తర్వాత రెండు వారాలు వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక గీత గీయించండి: ప్రింటర్, పాస్‌వర్డ్, ట్యాలీ బ్యాకప్, నెట్ రాకపోవడం. ఎక్కువ గీతలు పడ్డదాన్నే ముందు శాశ్వతంగా సరిచేయాలి. మిగతా ప్రయోగాలకు కావాల్సిన టైం అక్కడే పుడుతుంది.

ఆరుగురు వారానికి 48 గంటల చొప్పున చేస్తే 288 గంటలు. అందులో పదో వంతు, అంటే 29 గంటలు, మెరుగుదలకు పెట్టండి. అందరికీ శనివారం సాయంత్రం తలా కొంచెం పంచితే ఫోన్లే తినేస్తాయి. ఒక మనిషిని వారంలో మూడున్నర రోజులు ఫోను నుంచి పూర్తిగా తప్పించి, వారం వారం మనిషిని మార్చడం నయం. ఆ రోజుల్లో ఫోను ఎత్తేదెవరో పేరు గోడ మీద రాసి ఉండాలి.

3. లక్షణం: మంచిదే చేశారు, వాడేవాళ్లు లేరు

ఇక్కడే డబ్బు ఎక్కువ పోతుంది. వేబ్రిడ్జి, అంటే లారీల బరువు తూచే కాంటా, ఉదాహరణ తీసుకుందాం. లారీ కాంటా ఎక్కుతుంది, బరువు అంకె చూపే ఇండికేటర్ మీద పడ్డ బరువును ఆపరేటర్ నోట్‌బుక్కులో రాసుకుని కంప్యూటర్‌లో కొడతాడు, అకౌంటెంట్ మళ్లీ కొడతాడు. ఒక అంకె తారుమారైతే రైతుతో గొడవ. ఇండికేటర్ నుంచి బరువు నేరుగా కంప్యూటర్‌లోకి రావాలన్నది మంచి ఆలోచనే. మరి ఎందుకు మూలనపడుతుంది?

కారణాలు: ఇండికేటర్‌లో, ప్రోగ్రామ్‌లో బాడ్ రేట్ (సమాచారం పంపే వేగం) వేర్వేరుగా పెడితే తెర మీద పిచ్చి అక్షరాలు పడతాయి. ఇండికేటర్‌ను కంప్యూటర్‌కు కలిపే ఆర్‌ఎస్-232 కేబుల్ 15 మీటర్లు దాటితే సిగ్నల్ నమ్మకంగా రాదు, దూరముంటే ఎక్కువ దూరం పనిచేసే ఆర్‌ఎస్-485 పద్ధతికి మార్చుకోవాలి. లారీ ఇంకా ఊగుతుండగానే బరువు పట్టేస్తే తప్పు స్లిప్పు వస్తుంది, అంకె కొన్ని క్షణాలు కదలకుండా నిలిచాకే తీసుకోవాలి. వీటికన్నా పెద్ద తప్పు: ఆపరేటర్‌ను ఒక్క మాట అడగకుండా తయారుచేసి, యాసంగి వడ్లు దిగే ఏప్రిల్‌లో, బయట లారీలు బారులు తీరినప్పుడు తెచ్చి పెట్టడం. మొదటి తప్పు స్లిప్పుతోనే అతను మళ్లీ నోట్‌బుక్కు తీస్తాడు. తీయడమే న్యాయం కూడా.

పరిష్కారం: ప్రోగ్రామ్ రాసేవాణ్ని ముందు ఒక పూట కాంటా గదిలో కూర్చోబెట్టండి. ప్రయోగం రెండు సీజన్ల నడుమ, ఒకే కాంటా మీద, 20 లారీలతో. నోట్‌బుక్కు పక్కనే నడవాలి, రెండు లెక్కలూ సాయంత్రం సరిచూడాలి. ఎన్ని తేడాలొస్తే ఆపేస్తామో మొదలుపెట్టే ముందే రాసుకోవాలి. ఆగిపోతే అది టీమ్ తప్పు కాదని యజమాని ముందే చెప్పాలి. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ఆపరేటర్ చేతే రాయించండి, అతనికే బాగా తెలుసు.

4. లక్షణం: తప్పులు దాస్తారు, కొత్తదంటే భయపడతారు

కారణం: సిస్టమ్ ఆగిన వెంటనే పడే మొదటి ప్రశ్న "ఎవడు చేసిండు?" మరొకటి పూర్తిగా సాంకేతికం. మార్పులన్నీ నడుస్తున్న డేటాబేస్ మీదే చేస్తుంటే ఎవరికైనా భయమే.

పరిష్కారం: ముందు సాంకేతికం. డేటాకు నకలు వేసి, మార్పులు ముందు పరీక్షించుకోవడానికి విడిగా టెస్ట్ సర్వర్ పెట్టండి. బ్యాకప్ తీస్తే సరిపోదు, నెలకోసారి దాన్ని వేరే మెషిన్‌లో తిరిగి ఎక్కించి చూడాలి. ప్రతి మార్పుకూ వెనక్కి తీసే దారి రాసుకున్నాకే ముందుకు. తర్వాత మనుషుల సంగతి. టయోటా ఫ్యాక్టరీల్లో లోపం చూసిన కార్మికుడు తాడు లాగితే లేదా బటన్ నొక్కితే సూపర్‌వైజర్ సాయానికి వస్తాడు. మీ దగ్గర కూడా సమస్య చెప్పినవాడికి ముందు సాయం అందాలి. 48 గంటల్లోపు కూర్చుని అడగండి: అప్పుడు తెర మీద ఏం కనిపించింది, అది సరే అని ఎందుకనిపించింది, ఎక్కడ అడ్డుకట్ట ఉండాల్సింది? ఒక పేజీ రాసి, చేయాల్సిన రెండు పనులకు పేరూ తేదీ పెట్టండి. ఆ పేజీ ఇంక్రిమెంట్ ఫైల్లోకి వెళ్లిందని ఒక్కసారి తెలిసినా, మళ్లీ ఎవరూ నిజం రాయరు.

5. లక్షణం: పని నేర్చినవాళ్లు హైదరాబాద్ పోతున్నారు

జీతం ఒక కారణం, అక్కడ పోటీ పడటం కష్టమే. మిగిలింది మీ చేతిలో ఉంది: ఏదో ఒక పని మొదటి నుంచి చివరిదాకా వాళ్ల పేరు మీద నడవనివ్వండి, నెలకు కొంత మొత్తం అడగకుండా ఖర్చుపెట్టనివ్వండి. వెయ్యి రూపాయల కేబుల్‌కు మూడు సంతకాలు పెట్టించేచోట ఎవరూ నిలవరు.

ఇంకో మాట, "ఈ నెల ఉత్తమ ఆలోచన" బహుమతి పెట్టొద్దు. కాగితాలు కుప్పలుగా వస్తాయి, పని నడవదు. ఇవ్వాలనుకుంటే, మూడు నెలల తర్వాత కూడా కాంటా గదిలో ఆపరేటర్ వాడుతున్నదానికి ఇవ్వండి, ఆపరేటర్‌తో కలిపి.